పరీక్ష కేంద్రం మారితే



స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని సంఘం వాళ్లు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. మా బ్యాచ్ మిత్రుడు ఒప్పుకోలేదు. "జ్ఞాపకాలు అందరూ రాస్తార్రా. నువ్వు ముప్పయ్యేళ్లు ఏదో చేశావు కదా, అది రాయి. కంప్యూటర్లో పని అనడమే గానీ అదేమిటో మాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. నిజమే, చెప్పలేదు. చెబితే అర్థం కాదని కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలిసేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే మన పదో తరగతి పరీక్షల దగ్గర మొదలుపెట్టొచ్చనిపిస్తోంది.

1981లో మన బడికి పరీక్ష కేంద్రం లేదు. తాలూకా కేంద్రానికి బస్సులో వెళ్లి రాసేవాళ్లం. మా క్లాసులో లెక్కల్లో ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే కుర్రాడికి ఆ ఏడు లెక్కల్లోనే మార్కులు తగ్గాయి. మన బడిలో పరీక్షలప్పుడు అరగంటకోసారి గంట కొట్టేవారు. వాడు ఆ గంటల లెక్కనే నమ్ముకుని రాసేవాడు. అక్కడ చివర్లో ఒక్కసారే కొట్టారు. రెండు లెక్కలు మిగిలిపోయాయి. లెక్కల మాస్టారు వాడి ప్రశ్నపత్రం చూసి, "నీకు రానివేమీ లేవురా ఇందులో. నువ్వు గంట మీద ఆనుకున్నావు, ఆ సంగతి నీకే తెలియదు" అన్నారు.

నేను ముప్పయ్యేళ్లు చేసిన పని ఇంతే. ప్రోగ్రాములు దేని మీద ఆనుకుని ఉన్నాయో కనిపెట్టడం, వాటిని కొత్త పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లినప్పుడు ఆ గంట అక్కడ కూడా మోగేలా చూడడం.

ప్రోగ్రాము ఒంటరిగా నడవదు

జీతాల బిల్లు వేసే ప్రోగ్రాములో ఉండేది లెక్క ఒక్కటే. ఫైలు తెరవడం, మెమరీ తెచ్చుకోవడం, తేదీ అడగడం, తప్పు జరిగితే ఆపి కబురు చెప్పడం లాంటి పనులు అది సొంతంగా చేసుకోదు. వాటికోసం నడిచే సమయంలో పక్కన మరికొన్ని చిన్న ప్రోగ్రాములు సిద్ధంగా ఉంటాయి. వాటినీ, వాటి అమరికలనీ కలిపి రన్‌టైమ్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు, అడిషనల్ షీట్లు, గంట, గోడ గడియారం ఎలాంటివో ఇవీ అలాంటివే. జవాబు రాసేది విద్యార్థే అయినా ఇవి లేకుండా పరీక్ష జరగదు.

వ్యాపార లెక్కలకు అన్ని యంత్రాల మీదా నడిచే భాష ఒకటి కావాలని 1959 మేలో అమెరికాలో ప్రభుత్వ, కంప్యూటర్ కంపెనీల ప్రతినిధులు కలిసి కూర్చున్నారు. దాని ఫలితమే కోబాల్. గ్రేస్ హాపర్ అంతకు ముందు తయారు చేసిన ఫ్లో-మ్యాటిక్ భాష దానికి ముఖ్యమైన పునాది. 1960 డిసెంబరులో దాదాపు ఒకే కోబాల్ ప్రోగ్రామును ఆర్.సి.ఎ. యంత్రం మీద, యూనివాక్ యంత్రం మీద నడిపి చూపించారు. ఆ రోజుల్లో అది పెద్ద విజయం. అయితే ఆ "దాదాపు" అనే మాటలోనే నా ఉద్యోగం దాగుంది. భాష ఒకటైనా దాని కింది నేల ఏ యంత్రానికి ఆ యంత్రానిదే.

ఆ నేల సమస్యని మొదట భారీగా ఎదుర్కొన్నది ఐ.బి.ఎం. 1959లో వచ్చిన 1401 కంప్యూటరు పది వేలకు పైగా అమ్ముడుపోయింది. 1964 ఏప్రిల్ 7న అదే కంపెనీ సిస్టమ్/360 ప్రకటించింది. కొత్త యంత్రం లోపలి నిర్మాణం పూర్తిగా వేరు, 1401 ప్రోగ్రాములు దాని మీద నడవవు. అన్నీ తిరగరాయమంటే కొనేవాళ్లు పోటీ కంపెనీకి పోతారు. అందుకని 360లోని కొన్ని మోడళ్లలో లోపలే ఒక ఏర్పాటు పెట్టారు. యంత్రం అవసరమైనప్పుడు 1401 వేషం వేసుకుని పాత ప్రోగ్రాముని నడిపిస్తుంది. దీన్ని ఎమ్యులేషన్ అన్నారు. అలా తాత్కాలికంగా నడిపిద్దామనుకున్న ప్రోగ్రాములు చాలాచోట్ల ఏళ్ల తరబడి ఆ వేషంలోనే నడిచాయి. ప్రోగ్రాముని మార్చకుండా దాని పరిసరాన్ని తయారు చేసి ఇవ్వొచ్చని లోకానికి తెలిసింది అప్పుడే.

క్యారేజీ తెచ్చుకునేవాళ్లు, మెస్సులో తినేవాళ్లు

ఐ.బి.ఎం. మెయిన్‌ఫ్రేముల మీద కోబాల్ మూడు తరాలుగా నడిచింది. 1970ల్లో ఓ.ఎస్./వి.ఎస్. కోబాల్, 1980ల్లో వి.ఎస్. కోబాల్ టూ, 1990ల మొదట్లో వచ్చిన లాంగ్వేజ్ ఎన్విరాన్‌మెంట్ మీద నడిచే కొత్త కోబాల్. మొదటి రెండు తరాలకీ ఎవరి రన్‌టైమ్ వారిదే. మూడోది కోబాల్, పి.ఎల్./1, సి, ఫోర్ట్రాన్ అన్నిటికీ ఉమ్మడిగా పెట్టిన రన్‌టైమ్. మా పనివాళ్ల భాషలో దాని పేరు ఎల్.ఇ.

పాత ప్రోగ్రాముల్లో రెండు రకాలుండేవి. కొన్ని తమకు కావలసిన రన్‌టైమ్ ముక్కలను కంపైలు చేసి అతికించుకునేటప్పుడే తమలో కలిపేసుకునేవి. మన బడికి పక్క ఊళ్ల నుంచి క్యారేజీ తెచ్చుకుని వచ్చే పిల్లల్లాగా. మరికొన్ని నడిచేటప్పుడు వ్యవస్థ లైబ్రరీ నుంచి తీసుకునేవి. హాస్టల్ మెస్సులో తినే పిల్లల్లాగా. మెస్సులో వంటమనిషి మారితే అందరికీ ఒకేసారి కూర మారుతుంది. క్యారేజీ పిల్లలకి ఏమీ మారదు. అది సుఖంగా కనిపిస్తుంది గానీ, ఇరవయ్యేళ్ల తరవాత కూడా ఆ పాత ముక్కలు లోపలే ఉంటాయి. వాటికి మరమ్మతు ఉండదు. కొత్త తరం ప్రోగ్రాముతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు బయటపడతాయి. 2013లో వచ్చిన ఐ.బి.ఎం. ఎంటర్‌ప్రైజ్ కోబాల్ అయిదో వెర్షను నుంచి అలాంటి పాతవాటితో కలిసి నడవడమే కుదరదని తేల్చేశారు.

ఇంకో చిక్కు చిరునామాలది. 360 కాలం నాటి ప్రోగ్రాముకి మెమరీ చిరునామా 24 బిట్లు. అంటే 16 మెగాబైట్లు దాటి దానికి కనిపించదు. 1980ల్లో 31 బిట్లు వచ్చాయి, రెండు గిగాబైట్ల దాకా చోటు దొరికింది. పాత ప్రోగ్రాము సంగతి ఇంటి నంబరుకి మూడే గళ్లున్న కవరు లాంటిది. ఊరు పెరిగి నాలుగంకెల ఇళ్లు వచ్చాయి. కొత్త ప్రోగ్రాము ఇచ్చిన చిరునామాని అది మూడు గళ్లలో ఇరికించి రాస్తుంది. ఉత్తరం పోదు, వేరే ఇంటికి చేరుతుంది. మా రంగంలో అన్నిటికన్నా భయపడే తప్పు ఇలాంటిదే. ప్రోగ్రాము ఆగిపోతే కారణం వెతకొచ్చు. ఆగకుండా తప్పు ఇంట్లో దూరితే ఎవరికీ తెలియదు.

అమీర్‌పేట నుంచి

మనకి ఈ కథలో చోటెలా దొరికింది? 1978లో ఐ.బి.ఎం. మన దేశం వదిలి వెళ్లింది. విదేశీ వాటా తగ్గించుకోవాలన్న ఫెరా చట్టం నిబంధనకి ఒప్పుకోలేదు. వాళ్ల యంత్రాల నిర్వహణ ప్రభుత్వ సంస్థ సి.ఎం.సి. చేతికొచ్చింది. అప్పటికే హైదరాబాద్‌లో ఇ.సి.ఐ.ఎల్. 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు తయారు చేసి ఉంది. అయినా మామూలు కుర్రాడికి మెయిన్‌ఫ్రేము చూసే అవకాశమే తక్కువ. నేను డిగ్రీ అయ్యాక కోబాల్ నేర్చుకున్నది ఎక్కువగా నల్లబల్ల మీద, తెల్ల కాగితం మీద.

1990ల్లో పరిస్థితి మారింది. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న ప్రోగ్రాములన్నీ 2000 వచ్చేసరికి తికమక పడతాయని లోకమంతా కంగారుపడింది. వాటిని దిద్దే చేతులు కావాలి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో జిరాక్సు నోట్సులతో కోబాల్, జె.సి.ఎల్., సి.ఐ.సి.ఎస్. నేర్చుకుని ఎంతమంది తెలుగు పిల్లలు విమానం ఎక్కారో మీకు తెలుసు. మన బడి వాళ్లే ఎందరో ఉన్నారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకునేనాటికి ఆ దారి బాగా నలిగిపోయింది.

ఆ పనిలో బయటికి అంతగా తెలియని సంగతి ఒకటుంది. తేదీలు దిద్దడం సగమే. పాత కంపైలర్లకీ, పాత రన్‌టైములకీ తయారీదారు మద్దతు ఆపేస్తున్నాడు. అందుకని చాలా కంపెనీలు తేదీలతోపాటు ఎల్.ఇ.కి మారడం కూడా పెట్టుకున్నాయి. నేను దిగింది అందులోనే.

నా తప్పు

పేరు చెప్పను. విదేశంలో ఒక బీమా కంపెనీ. నేను హైదరాబాద్ నుంచి వెళ్లిన బృందంలో ఉన్నాను. పరీక్షలన్నీ సవ్యంగా జరిగాయి. పాత వ్యవస్థ ఇచ్చిన కాగితం, కొత్తది ఇచ్చిన కాగితం పక్కపక్కన పెట్టి పోల్చాం, తేడా లేదు. ఒక శనివారం రాత్రి అసలు వ్యవస్థని కొత్త రన్‌టైమ్ మీదకి మార్చాం. వారం గడిచింది. నెలాఖరు లెక్క నడిచింది, ఎక్కడా ఆగలేదు. మంగళవారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ప్రీమియం సక్రమంగా కట్టిన వందల మందికి "మీరు వాయిదాలు కట్టలేదు, పాలసీ రద్దు కాబోతోంది" అని ఉత్తరాలు వెళ్లాయి. వాళ్లలో చాలామంది పింఛను మీద బతికే వృద్ధులు. పొద్దున్నే టపాలో ఆ ఉత్తరం చూసుకున్న మనిషి ఎలా ఉంటాడో, మా నాన్నగారిని తలుచుకుంటే నాకు అర్థమైంది.

కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. కట్టని వాయిదాలను లెక్కపెట్టే ఒక చిన్న బైనరీ కౌంటరుకి ప్రోగ్రాములో మొదటి విలువ రాయలేదు. రాసిన మనిషి సున్నాతో మొదలవుతుందనుకున్నాడు. పాత రన్‌టైములో అది నిజంగానే సున్నాతో మొదలయ్యేది. ఆ కంపెనీ వాళ్లు ఎప్పుడో పెట్టుకున్న ఒక ఆప్షను, పేరు డబ్ల్యు.ఎస్.క్లియర్, ప్రోగ్రాముకి మెమరీ ఇచ్చే ముందు తుడిచి ఇచ్చేది. ఎల్.ఇ.లో ఆ పని చేసే ఆప్షను పేరు స్టోరేజ్. దానికి సున్నాలు పెట్టమని చెబితేనే పెడుతుంది, లేకపోతే ముందు వాడినవాళ్లు వదిలేసిన చెత్తతో సహా ఇస్తుంది. మేం పరీక్షలు చేసిన చోట సున్నాలు పెట్టమని ఉంది. అసలు వ్యవస్థలో లేదు.

పరీక్ష హాలు మాటల్లో చెబితే, మన బడిలో అడిషనల్ షీటు ఎప్పుడూ తెల్లగా ఉండేది. తాలూకా కేంద్రంలో ఎవరో రాసి పారేసిన కాగితం ఇచ్చారు. పిల్లవాడు పై అంకెలని కూడా కలిపి కూడేశాడు. దిద్దేవాడికి అది మామూలు జవాబులాగే కనిపిస్తుంది.

మార్పుకి ముందు నింపే పట్టికలో "రన్‌టైమ్ ఆప్షన్లు రెండు చోట్లా ఒకటేనా?" అన్న వరసలో అవునని టిక్కు పెట్టింది నేను. చూసి పెట్టలేదు. ఒకటే ఉంటాయిలే అనుకుని పెట్టాను. ప్రోగ్రాములో కౌంటరుకి విలువ రాయనివాడూ అలాగే అనుకున్నాడు. ఇద్దరిదీ ఒకటే తప్పు.

ఆ ఆఫీసులో రిటైరు కాబోతున్న ఒకావిడ ఉండేవారు. మీటింగులో అందరూ ఎవరు చేశారని అడుగుతుంటే, ఆవిడ మాత్రం "అది ఏ లైబ్రరీల నుంచి, ఏ వరసలో తీసుకుంది?" అని అడిగారు. ఆ తరవాత సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీశారు. పదిహేనేళ్లుగా ఏ ఆప్షను ఎప్పుడు ఎందుకు మార్చారో తేదీలతో సహా రాసి ఉంది. డబ్ల్యు.ఎస్.క్లియర్ పెట్టిన రోజు, దాని కారణం కూడా ఉన్నాయి. ఆ పుస్తకం చూడగానే మన హెడ్మాస్టరు గారి టేబులు మీది అడ్మిషన్ రిజిస్టరు గుర్తొచ్చింది. ఆ పుస్తకం ఉందని మాకెవరికీ తెలియదు, మేం అడగలేదు. దిద్దడానికి పట్టింది ఒక్క గంట. ఉత్తరాలు అందుకున్నవాళ్లకి ఫోను చేసి ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పడానికి ఆ కంపెనీ గుమస్తాలకి మూడు వారాలు పట్టింది.

ఆ తరవాత నేర్చుకున్న పద్ధతి

చిన్నవాళ్లు ఎవరైనా ఈ రంగంలో ఉంటే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. మొదట, ఏ ప్రోగ్రాము ఏ తరం కంపైలరుతో తయారైందో జాబితా వేయాలి. కాగితాలు నమ్మకూడదు, నడుస్తున్న ప్రోగ్రాముని తెరిచి దాని ముద్ర చూడాలి. రెండు, అన్నీ ఒకేసారి మార్చకూడదు. ముందు రన్‌టైము మార్చి పాత ప్రోగ్రాముల్ని అలాగే నడిపించాలి. అది కుదురుకున్నాక ప్రోగ్రాముల్ని ఒక్కొక్కటిగా కొత్త కంపైలరుతో తయారు చేసుకోవాలి. రెండూ కలిపి చేస్తే తప్పు వచ్చినప్పుడు అది ఎటువైపుదో తెలియదు. మూడు, లైబ్రరీల వరస రాసుకోవాలి. యంత్రం వెతికేటప్పుడు మొదట దొరికినదే వాడుకుంటుంది, మంచిది కింద ఉన్నా చూడదు. నాలుగు, పరీక్ష చోటులోనూ అసలు చోటులోనూ అమరికలని అచ్చు వేయించి అక్షరం అక్షరం పోల్చాలి. అయిదు, వెనక్కి రావడానికి పాత లైబ్రరీ తాళం జేబులో ఉండాలి.

ఇది మెయిన్‌ఫ్రేముల గొడవే అనుకోకండి. 1990ల్లో టర్బో పాస్కల్‌తో రాసిన ఎన్నో డాస్ ప్రోగ్రాములు ప్రాసెసర్లు వేగం పుంజుకోగానే తెరిచిన వెంటనే రన్‌టైమ్ ఎర్రర్ 200 చూపించి చచ్చిపోయాయి. యంత్రం వేగాన్ని కొలిచే చిన్న లెక్క ఒకటి ఆ రన్‌టైములో ఉండేది. యంత్రం మరీ వేగమయ్యేసరికి ఆ భాగహారం కుదరలేదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టి.ఎస్.బి. బ్యాంకు తన ఖాతాలన్నీ కొత్త వేదిక మీదకి మార్చింది. ఖాతాల సమాచారం సరిగ్గానే చేరింది. దాన్ని నడిపించాల్సిన వేదికే తడబడింది. జనం తమ డబ్బు తాము చూసుకోలేకపోయారు. 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకి 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు అమెరికాలో న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసిన స్వచ్ఛంద సేవకులు కావాలని బహిరంగంగా అడిగారు. యంత్రాలు ఉన్నాయి, ప్రోగ్రాములు ఉన్నాయి. సొరుగులో నోటుపుస్తకం పెట్టుకున్న మనుషులే రిటైరైపోయారు.

మన సంఘం జాబితా

చివరిగా మన ఇంటి సంగతి. మన సంఘం సభ్యుల పట్టిక మొదట్లో ఒక లాంగ్ నోటుబుక్కులో ఉండేది. 1990ల్లో ఎవరో శ్రద్ధగా దాన్ని ఫాక్స్‌ప్రోలో, జిస్ట్ కార్డు పెట్టిన కంప్యూటరు మీద తెలుగులో ఎక్కించారు. నోటుబుక్కు చెదలకి పోయింది. ఆ కంప్యూటరూ పోయింది. ఒక ఫ్లాపీ మిగిలింది. ఈ స్వర్ణోత్సవానికి తొలి బ్యాచ్‌ల వాళ్లని పిలవాలని ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వచ్చాయి. ప్రోగ్రాము కొత్త విండోస్ మీద తెరుచుకోనే లేదు. అరవై నాలుగు బిట్ల విండోస్ ఆ కాలపు డాస్ ప్రోగ్రాముల్ని నడపదు.

మన బడిలోనే చదివి ఇప్పుడు ఇంజనీరింగు చేస్తున్న ఒక అమ్మాయి, నేను కూర్చున్నాం. డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము పెట్టి, కొత్త ల్యాప్‌టాప్‌కి పాత డాస్ కంప్యూటరు వేషం వేశాం. 1964లో 360 వేసుకున్న వేషమే ఇది. ఫైలు ఒక్కటే ఉంటే చాలేది కాదు. బ్యాచ్ సంవత్సరం ఫైల్లో లేదు, ఒక సంకేతం మాత్రమే ఉంది. ఆ సంకేతానికి అర్థం ప్రోగ్రాము నడిస్తేనే తెలిసింది. తెలుగు అక్షరాలు ఇస్కీ పద్ధతిలో ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాము ఆ అమ్మాయే రాసింది. అర్ధరాత్రి దాటాక మొదటి పేరు తెర మీద తెలుగులో కనిపించింది. తరవాత వరసగా కిందికి వస్తూ ఉన్నాయి. కొందరు ఇప్పుడు లేరు. గంటల్ని నమ్ముకుని లెక్కల పరీక్ష రాసిన మా వాడు కూడా లేడు. వాడి పేరు పక్కన ఎవరి చేతిరాతలోనో కాదు, యంత్రం అక్షరాల్లో, వాళ్ల పాత ఇంటి చిరునామా ఉంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఆ పేర్లన్నీ ఈ సంచిక చివర అచ్చయ్యాయి. పట్టికని ఈసారి మామూలు యూనికోడ్ ఫైలుగా దాచాం. దేంతో తయారు చేశాం, ఎలా తెరవాలి, ఏ సంకేతానికి ఏ అర్థం అన్నది ఒక పేజీలో తెలుగులో రాసి, అచ్చు వేయించి, హెడ్మాస్టరు గారి గదిలో అడ్మిషన్ రిజిస్టరు పక్కన పెట్టాం. వందేళ్ల పండుగకి దాన్ని తెరవబోయేవాళ్లు మనకి తెలియదు. వాళ్ల యంత్రం ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఆ ఒక్క పేజీ మాత్రం పారేయకండని ప్రస్తుత ఉపాధ్యాయులకు నా మనవి.

— పూర్వ విద్యార్థి, 1981 పదో తరగతి